బ్రిటన్ పాత లారీల పునరుద్ధరణ

బ్రిటన్‌లో తయారై, దశాబ్దాలు సరుకు మోసి, వాడుకలోంచి తప్పుకున్న లారీలను మళ్ళీ నడిచే స్థితికి తెచ్చి కాపాడుకోవడం ఆ దేశంలో వేళ్ళూనుకున్న వ్యాపకం. 19వ శతాబ్దం చివరి ఆవిరి లారీలు మొదలుకొని 1980ల నాటి డీజిల్ లారీల దాకా దీని పరిధిలోకి వస్తాయి. పాత కార్ల సేకరణతో పోలిస్తే ఇది ఆలస్యంగా మొదలైంది. కారును యజమాని ముచ్చటపడి కొనుక్కుంటాడు, పాతబడినా షెడ్డులో దాచుకుంటాడు. లారీ కిరాయి తెచ్చే పనిముట్టు. దాన్ని అరిగేదాకా తిప్పి, ఆపైన పాత ఇనుము కింద తూకానికి అమ్మేయడమే రివాజు. అందుకే వేలల్లో తయారైన కొన్ని రకాలు నేడు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కూడా దొరకవు. మిగిలిన ప్రతి బండీ రవాణా చరిత్రకు, దానితోపాటు ఒకనాటి చేతిపనులకు సాక్ష్యం.

తయారీ కంపెనీలు

లాంకషైర్‌లోని లేలాండ్ పట్టణంలో 1896లో ఆవిరి వ్యాన్లు చేసే కంపెనీ ఒకటి వెలిసింది. 1907లో అదే లేలాండ్ మోటార్స్ అయింది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళానికి ఇది దాదాపు 6,000 లారీలు ఇచ్చింది. యుద్ధం ముగిశాక వాటిలో చాలావాటిని తిరిగి కొని, లండన్ దగ్గర కింగ్‌స్టన్‌లో పూర్తిగా విప్పి, బాగుచేసి, పూచీతో అమ్మింది. తన పేరున్న నాసిరకం బండ్లు బజారులోకి రాకూడదన్నది కంపెనీ ఉద్దేశం. పాత లారీని కొత్తదిలా చేయడమన్న పనికి పెద్ద ఎత్తున జరిగిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

చెషైర్‌లోని సాండ్‌బాచ్ ఆవిరి లారీలకు పేరుపడిన ఫోడెన్ ఊరు. డీజిల్‌దే భవిష్యత్తని నమ్మిన ఎడ్విన్ రిచర్డ్ ఫోడెన్ కుటుంబ కంపెనీని వదిలి, అదే ఊళ్ళో 1933లో ఈఆర్ఎఫ్ స్థాపించాడు. అప్పటికి ఆయన వయసు 63. తొలి బండి ఛాసిస్‌కు వేసిన నంబరు కూడా 63. లండన్ బస్సుల అవసరాల కోసం 1912లో పుట్టిన ఏఈసీ, 1920ల చివర్లో సౌథాల్‌కు మారి మమత్ మేజర్, మాటడార్, మెర్క్యురీ లారీలను చేసింది. గ్లాస్గోలో ఆల్బియన్, వాట్‌ఫర్డ్‌లో స్కామెల్, ప్రెస్టన్‌లో అట్కిన్సన్, బేసింగ్‌స్టోక్‌లో థార్నిక్రాఫ్ట్, వుల్వర్‌హాంప్టన్‌లో గై, గిల్డ్‌ఫర్డ్‌లో డెన్నిస్ ఉండేవి. తేలిక లారీల్లో 1931లో మొదలైన బెడ్‌ఫర్డ్‌దే రాజ్యం. కామర్, ఆస్టిన్, ఫోర్డ్ దానితో పోటీపడ్డాయి.

ఈ కంపెనీలను రెండు తెగలుగా చూస్తే పునరుద్ధరణలోని సులువు, కష్టం తెలుస్తాయి. లేలాండ్, ఏఈసీ, ఫోడెన్ వంటివి ఇంజిను, గేరుబాక్సు, ఇరుసులు చాలావరకు సొంతంగా చేసుకునేవి. ఈఆర్ఎఫ్, అట్కిన్సన్ మాత్రం మాంచెస్టర్ దగ్గరి ప్యాట్రిక్రాఫ్ట్ నుంచి గార్డ్‌నర్ ఇంజిను, డేవిడ్ బ్రౌన్ గేరుబాక్సు, లీడ్స్‌లోని కర్క్‌స్టాల్ ఇరుసులు తెప్పించి తమ ఛాసిస్ మీద కూర్చేవి. ఈ రెండో తెగ బండికి విడిభాగం కావలసివస్తే వేరే కంపెనీ లారీలో కూడా వెతకవచ్చు. మొదటి తెగకు అదే కంపెనీ బండి మరొకటి దొరికితేనే పని.

1968లో బ్రిటిష్ లేలాండ్ ఏర్పడేనాటికి ఏఈసీ, ఆల్బియన్, స్కామెల్, థార్నిక్రాఫ్ట్, గై అన్నీ ఒకే గొడుగు కిందికి చేరాయి. ఆ తర్వాత వరసగా మూతలు పడ్డాయి: 1979లో సౌథాల్, 1982లో గై, 1988లో వాట్‌ఫర్డ్. 1980లో అమెరికా కంపెనీ పకార్ చేతికి వెళ్ళిన ఫోడెన్ పేరు 2006తో ఆగింది. లేలాండ్ పట్టణంలో నేడు కూడా లారీలు తయారవుతున్నాయి, కానీ డాఫ్ పేరుతో, పకార్ యాజమాన్యంలో.

బండి రూపాన్ని తీర్చిన చట్టాలు

పాత లారీ ఎందుకు అలా ఉందో అర్థం కావాలంటే అప్పటి చట్టాలు తెలియాలి. 1933 రోడ్డు, రైలు రవాణా చట్టం కాలంలో పన్ను ఖాళీ బండి బరువును బట్టి పడేది. బాయిలరుతో బరువెక్కిన ఆవిరి లారీలు ఆ దెబ్బకు నిలవలేకపోయాయి. డీజిల్ లారీల తయారీదారులు అల్యూమినియం వాడి ప్రతి పౌను బరువూ తగ్గించుకున్నారు. ఖాళీ బరువు 3 టన్నులు దాటిన లారీకి వేగపరిమితి గంటకు 20 మైళ్ళే. 1957లో గాని అది 30 మైళ్ళకు పెరగలేదు. బరువైన లారీల వెనక కనిపించే 20 అంకె ఈ నిబంధన గుర్తు. పక్కన రాసే ఖాళీ బరువు కూడా చట్టప్రకారం రాయవలసిందే. బెడ్‌ఫర్డ్ వంటి తేలిక లారీలు 3 టన్నుల లోపే ఉండి 30 మైళ్ళ వేగం దక్కించుకున్నాయి. వాటి ఆదరణకు ఇదొక ముఖ్య కారణం.

నాటి పెద్ద లారీల గేర్ల నిష్పత్తులు నెమ్మది నడకకు సరిపోయేలా ఉంటాయి. నేటి రోడ్ల మీద ఇవి వెనకబడటానికి కారణం ఇంజిను బలహీనత ఒక్కటే కాదు. 1964 నిబంధనలు ట్రైలరు లాగే లారీలకు 32 టన్నుల మొత్తం బరువు దాకా అనుమతినిచ్చాయి. దాంతో ఎనిమిది చక్రాల ఒంటి ఛాసిస్ లారీల ప్రాభవం తగ్గింది. లేలాండ్ ఆక్టోపస్, మమత్ మేజర్, ఫోడెన్ ఎనిమిది చక్రాల బండ్ల మీద సేకర్తలకు ఇంత మక్కువ ఉండటానికి ఆ ముగిసిన కాలమే కారణం.

ఎలా మిగిలాయి

రవాణా కంపెనీలు వదిలేశాక రెండో బతుకు దొరికిన లారీలే ఎక్కువగా బతికాయి. ఊరూరా తిరిగే తిరునాళ్ళ ప్రదర్శకులు రంగులరాట్నాలు లాగడానికి, డైనమోలతో కరెంటు తీయడానికి పాత లారీలను కొనేవారు. రెండో ప్రపంచయుద్ధంలో ఫిరంగులు లాగిన ఏఈసీ మాటడార్లు దాదాపు 9,000 తయారయ్యాయి. యుద్ధం తర్వాత వాటిలో చాలావాటిని కలప దుంగలు లాగడానికి, రోడ్డు మీద చెడిపోయిన బండ్లను ఈడ్చుకురావడానికి వాడారు. స్కామెల్ పయనీర్‌దీ అదే దారి. మరికొన్ని పొలాల్లో గడ్డి మోస్తూ, క్వారీల్లో రాయి మోస్తూ, చివరికి ఏ చెట్టు కిందో ఆగిపోయాయి.

రెండో బతుకులో బండి రూపం మారిపోతుంది. ఛాసిస్ కురచ చేస్తారు, వెనక క్రేను బిగిస్తారు, కేబిన్ పొడిగించి సిబ్బందికి చోటు చేస్తారు. పునరుద్ధరించేవారి ముందు నిలిచే తొలి ప్రశ్న ఇక్కడిదే: బండిని ఏ కాలపు రూపానికి తేవాలి? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపానికా, ముప్పై ఏళ్ళు తిరునాళ్ళలో తిరిగిన రూపానికా? రెండూ నిజమైన చరిత్రలే. ఫలానా కాలమని ముందే తేల్చుకోకుండా పని మొదలుపెడితే కేబిన్ ఒక కాలానికి, బాడీ మరో కాలానికి చెందిన బండి తయారవుతుంది.

పని క్రమం

అనుభవజ్ఞులు మొదట ఫోటోలు తీస్తారు. ప్రతి గొట్టం ఎటు పోతుందో, ప్రతి తీగ ఎక్కడ కలుస్తుందో చూసుకున్నాకే విప్పడం మొదలుపెడతారు. విప్పిన భాగాలకు చీటీలు కట్టి, బోల్టులను భాగాల వారీగా డబ్బాల్లో దాస్తారు. ఛాసిస్ నంబరు దొరికితే కంపెనీ రికార్డుల్లో బండి ఎప్పుడు తయారైందో, ఏ ఇంజినుతో, ఎవరికి వెళ్ళిందో వెతుకుతారు.

కేబిన్: 1950ల దాకా చాలా కేబిన్లు చేతితో కట్టినవే. యాష్ కలపతో చట్రం చేసి, దానిమీద అల్యూమినియం లేదా ఉక్కు రేకులు మేకులతో బిగించేవారు. నీరు చేరి కలప పుచ్చిపోతుంది. పుచ్చిన ముక్కను పారేయకుండా దాన్నే నమూనాగా పెట్టుకుని కొత్త ముక్క చెక్కడం వడ్రంగి పని. ఒక వంపు తప్పితే తలుపు పట్టదు, అద్దం దిగదు. తర్వాతి కాలంలో అచ్చులో నొక్కిన ఉక్కు కేబిన్లు వచ్చాయి. లేలాండ్, ఆల్బియన్, డాడ్జ్ మూడూ పంచుకున్న ఎల్ఏడీ కేబిన్ ఈ రకం. ఇందులో కలప బెడద లేదు, తుప్పు బెడద ఎక్కువ. మూలల్లో, మెట్ల దగ్గర రేకు తినేస్తే కోసి కొత్త రేకు వెల్డింగు చేయాలి. అట్కిన్సన్, ఫోడెన్, ఈఆర్ఎఫ్ వాడిన ఫైబర్‌గ్లాస్ కేబిన్లకు తుప్పు పట్టదు. వాటికి వచ్చే జబ్బులు పగుళ్ళు, లోపలి ఇనుప బిగింపుల క్షయం.

ఛాసిస్: రెండు పొడవాటి ఉక్కు పట్టాలు, మధ్య అడ్డపట్టీలు. బలం కోసం ఒకదానిమీద ఒకటి బిగించిన పలకల మధ్య తుప్పు పేరుకుంటే అది ఉబ్బి మందపాటి ఉక్కును కూడా వంచుతుంది. అప్పుడు రివిట్లు తీసి, పలకలు విడదీసి, శుభ్రం చేసి మళ్ళీ బిగించాలి. కొలిమిలో ఎర్రగా కాల్చిన రివిట్లు కొట్టగలిగినవారు తగ్గిపోయారు. చాలామంది రంధ్రానికి బిగువుగా పట్టే బోల్టులతో సరిపెట్టుకుంటున్నారు. కమాను పట్టీలను విడదీసి, వంపు తగ్గినవాటికి మళ్ళీ వంపు తెస్తారు.

ఇంజిను: పాత లారీ ఇంజిన్లలో ఎక్కువ గౌరవం పొందింది గార్డ్‌నర్. 1931లో వచ్చిన ఎల్‌డబ్ల్యూ వరసలో ఆరు సిలిండర్ల 6ఎల్‌డబ్ల్యూ 8.4 లీటర్లది. నిమిషానికి 1,700 తిప్పులకు అది ఇచ్చే శక్తి 102 హార్స్‌పవర్ మాత్రమే. తక్కువ వేగంతో నిలకడగా లాగడం, డీజిల్ పొదుపుగా తాగడం, లక్షల మైళ్ళు నడవడం దాని గుణాలు. సిలిండర్లలో ఒత్తిడి తగ్గించే మీటలు ఉండటంతో దీన్ని చేతి హ్యాండిల్‌తో తిప్పి కూడా స్టార్టు చేయవచ్చు. లేలాండ్ 0.600 ఇంజిను 9.8 లీటర్లతో 125 హార్స్‌పవర్ ఇచ్చేది.

వీటన్నిటికీ భిన్నమైనది 1954లో వచ్చిన కామర్ టీఎస్3. మూడు సిలిండర్లు, ఆరు పిస్టన్లు. ఒక్కో సిలిండరులో రెండు పిస్టన్లు ఎదురెదురుగా కదులుతాయి. వాటి కదలికను మీటలు కింద ఉన్న ఒకే క్రాంకుషాఫ్టుకు అందిస్తాయి. సిలిండరు హెడ్డు లేదు, వాల్వులు లేవు. గాలిని బ్లోయరు తోస్తుంది. 3.26 లీటర్ల ఈ టూస్ట్రోక్ డీజిల్ 105 హార్స్‌పవర్ ఇచ్చేది. దాని కరకు మోత విన్నవారు బండి కనబడకముందే పేరు చెప్పగలరు.

ఏళ్ళ తరబడి ఎండా వానల్లో నిలిచిన ఇంజిన్లకు మూడు ముప్పులు. పిస్టన్లు లైనర్లకు అంటుకుపోతాయి. నీరు తీయకుండా వదిలేసినవాటిలో చలికాలం మంచు గడ్డకట్టి బ్లాకు పగులుతుంది. డీజిల్ పంపులోని సన్నని భాగాలు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. అంటుకున్న పిస్టన్లను నూనె పోసి, రోజుల తరబడి నాననిచ్చి, ఓపికగా కదిలించాలి. బలవంతం చేస్తే విరిగేది దొరకని భాగమే. పగిలిన బ్లాకుకు లోహపు కుట్లు వేసే నిపుణులు ఉన్నారు. పంపు, నాజిళ్ళు మాత్రం ప్రత్యేక పరికరాలున్న వర్క్‌షాపుకే పంపాలి. దొరకని గ్యాస్కెట్లను షీటు మీద గీసి చేత్తో కత్తిరించుకుంటారు.

గేరుబాక్సు: పాత గేరుబాక్సుల్లో పళ్ళ వేగాన్ని సరిచేసే సింక్రోమెష్ ఏర్పాటు ఉండదు. డ్రైవరే రెండుసార్లు క్లచ్ తొక్కి, మధ్యలో ఇంజిను వేగం సరిచూసి గేరు వేయాలి. శబ్దం వినడమే ఇక్కడ కొలమానం. బండిని బాగుచేయడం ఎంత విద్యో నడపడం కూడా అంత విద్యే. ఒక తప్పుడు గేరు మార్పు, దొరకని పళ్ళచక్రాన్ని విరిచేస్తుంది.

బ్రేకులు, చక్రాలు: ఇక్కడ సరిపెట్టుకోవడం కుదరదు. తుప్పుపట్టిన హైడ్రాలిక్ సిలిండర్లకు లోపల స్టెయిన్‌లెస్ తొడుగు వేయిస్తారు. వాక్యూమ్ సర్వోలోని తోలు, రబ్బరు భాగాలు కొత్తవి వేయాలి. పాత బ్రేకు లైనర్లలో, గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. బ్రిటన్ 1999లో దాన్ని పూర్తిగా నిషేధించింది. ఆ దుమ్మును గాలితో ఊదడం ప్రాణాంతకం. తడిపి, తగిన ముసుగు వేసుకుని తీసి, నిబంధనల ప్రకారం పారవేయాలి. ముక్కలుగా విడిపోయే రిమ్ములున్న చక్రాలు మరో ప్రమాదం. గాలి పట్టేటప్పుడు రింగు ఊడి ఎగిరితే మనిషి బతకడు. అందుకే ఇనుప పంజరంలో పెట్టే గాలి కొట్టాలి. పాత కొలతల టైర్లు కొన్నే తయారవుతున్నాయి, ధర కూడా ఎక్కువే.

మరలు: 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన 55 డిగ్రీల మర బ్రిటిష్ యంత్రాలకు శతాబ్దం పైగా ప్రమాణంగా నిలిచింది. సన్నమరల బీఎస్ఎఫ్ దానికి తోబుట్టువు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా, కెనడాలతో కలిసి 60 డిగ్రీల యూనిఫైడ్ మర వచ్చింది. మార్పు ఒక్కరోజులో జరగలేదు కాబట్టి 1950ల, 60ల లారీలో రెండు రకాలూ ఉండవచ్చు. విట్‌వర్త్ పానా మీది అంకె బోల్టు మందాన్ని చెబుతుంది, నట్టు వెడల్పును కాదు. మెట్రిక్ పానాతో ప్రయత్నిస్తే నట్టు మూలలు అరిగి గుండ్రం తిరుగుతుంది.

రంగు, అక్షరాలు: బ్రిటిష్ రవాణా కంపెనీకి బండి రంగే చిరునామా. ఎనామెల్ రంగును కుంచెతో పొరలు పొరలుగా వేసి, మధ్యమధ్య నున్నగా రుద్ది, సన్నని గీతలు దిద్ది, తలుపుల మీద యజమాని పేరు, ఊరు, టెలిఫోన్ నంబరు నీడతో కూడిన అక్షరాల్లో రాసేవారు. కొన్నిటికి బంగారు రేకు అద్దేవారు. 1947 చట్టంతో రవాణా జాతీయం అయ్యాక బ్రిటిష్ రోడ్ సర్వీసెస్ ఎరుపు రంగు దేశమంతా కనిపించింది. పాత రంగును నెమ్మదిగా రుద్దితే పొర కింద పొర బయటపడి, బండి చేతులు మారిన క్రమం తెలుస్తుంది. రుద్దే ముందే దాన్ని ఫోటో తీయడం మంచి పనివాడి లక్షణం.

ఎంతవరకు కొత్తది చేయాలి

ఈ రంగంలో ఎడతెగని వాదం ఇది. ఒక పక్షం బండి ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఉన్నట్టు మెరవాలంటుంది. మరో పక్షం సొట్టలు, వెలిసిన రంగు, అరిగిన పెడళ్ళు అన్నీ పని చేసిన గుర్తులని, వాటిని చెరిపేస్తే చరిత్ర పోతుందని అంటుంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా ఆమోదించిన ట్యూరిన్ ఛార్టర్ కూడా వీలైనంత తక్కువ మార్పు, చేసిన ప్రతి పనికీ రాతపూర్వక నమోదు అన్న సూత్రాలనే చెబుతుంది. ఈ విషయంలో రెండో పక్షం మాటే బలమైనది. పోయిన రంగును ఎప్పుడైనా వేయవచ్చు. నిజమైన పాత రంగును ఒకసారి గీకేస్తే ఎవరూ తిరిగి తేలేరు. చట్రం కుళ్ళి, రేకు రాలిపోయిన బండికి మాత్రం పూర్తి పునర్నిర్మాణం తప్పదు. బ్రేకులు, స్టీరింగు, టైర్ల విషయంలో చరిత్ర కంటే భద్రతే ముందు.

నేటి నిబంధనలు

బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటి, వాణిజ్యానికి వాడని వాహనాలు చారిత్రక తరగతిలో చేరి రోడ్డు పన్ను మినహాయింపు పొందగలవు. 1960కి ముందు తయారై, ఖాళీగా నడిచే లారీలకు వార్షిక తనిఖీ నుంచి మినహాయింపు ఉంది. మినహాయింపు తనిఖీకే గాని బాధ్యతకు కాదు. రోడ్డెక్కిన బండి సురక్షితంగా ఉండవలసిందే. 1983 నాటికి కంప్యూటరు రికార్డుల్లో చేరని బండ్ల పాత నంబర్లు చెల్లకుండా పోయాయి. పాత లాగ్‌బుక్ వంటి ఆధారం చూపగలిగితే అసలు నంబరును తిరిగి పొందే పథకం ఉంది. కాబట్టి బండితోపాటు నూనె మరకల కాగితాలు దొరికినా జాగ్రత్త చేయాలి.

సంఘాలు, మ్యూజియంలు

1958లో ఏర్పడిన సంఘమే నేటి హిస్టారిక్ కమర్షియల్ వెహికల్ సొసైటీ. 1962 నుంచి అది లండన్ నుంచి బ్రైటన్ సముద్రతీరం దాకా పాత లారీలు, బస్సుల యాత్ర నడుపుతోంది. లేలాండ్ పట్టణంలో 1983లో తెరిచిన బ్రిటిష్ కమర్షియల్ వెహికల్ మ్యూజియంలో 1896 నాటి థార్నిక్రాఫ్ట్ ఆవిరి వ్యాను నుంచి 1982లో పోప్ పర్యటనకు లేలాండ్ చేసిన వాహనం దాకా ఉన్నాయి. కంపెనీల తయారీ రికార్డులను, చిత్రపటాలను కూడా అది భద్రపరుస్తోంది. ఈ రంగంలో ఎక్కువ పని చేసేది మాత్రం మామూలు మనుషులే: రిటైరైన డ్రైవర్లు, మెకానిక్కులు, రవాణా వ్యాపార కుటుంబాల వారసులు. తాత నడిపిన లారీ రకాన్నే వెతికి తెచ్చి, కుటుంబ కంపెనీ రంగులు వేసేవారు వీరిలో చాలామంది.

భారతదేశం, తెలుగు నేల

ఈ చరిత్రకు మన దేశంలో కొనసాగింపు ఉంది. 1948లో మద్రాసులో మొదలైన అశోక్ మోటార్స్, ఎన్నూరు ఫ్యాక్టరీలో లేలాండ్ కామెట్ ఛాసిస్‌లు బిగించడం చేపట్టి, 1955లో అశోక్ లేలాండ్ అయింది. బ్రిటన్ వదిలేసిన లేలాండ్ నమూనా ఇంజిన్లు ఎన్నూరులో తర్వాత కూడా చాలాకాలం తయారయ్యాయి. ఆంధ్ర, తెలంగాణ రోడ్ల మీద ధాన్యం, బొగ్గు, మిర్చి మోసిన లేలాండ్ లారీలకు మూలం లాంకషైర్ పట్టణమే. హిందుస్థాన్ మోటార్స్ బెడ్‌ఫర్డ్ లారీలు చేసింది.

అంతకు ముందే, 1932లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. అవి గ్లాస్గో ఆల్బియన్ బండ్లు. వాటిలో ఒకటి డెక్కన్ క్వీన్ పేరుతో హైదరాబాదులో ఆర్టీసీ భద్రపరచగా నేటికీ ఉంది. తెలుగు నేల మీద బ్రిటిష్ వాణిజ్య వాహన పునరుద్ధరణకు కళ్ళముందున్న ఉదాహరణ అదే.

భవిష్యత్తు

పాత లారీల పునరుద్ధరణకు నేడు ఎదురవుతున్న అసలు కొరత పనివారిది. యాష్ చట్రం కట్టే వడ్రంగి, రివిట్లు కొట్టే కమ్మరి, గార్డ్‌నర్ పంపు సరిచేసే మెకానిక్, కుంచెతో అక్షరాలు రాసే చిత్రకారుడు వయసుమీరుతున్నారు. బండిని పొడి షెడ్డులో పెడితే మరో యాభై ఏళ్ళు ఆగుతుంది. మనిషి చేతిలోని విద్య ఆగదు. కాబట్టి మరో లారీని కొని తేవడం కంటే, ఉన్న లారీ మీద ఒక యువకుడికి పని నేర్పడం పెద్ద పునరుద్ధరణ. మన దగ్గర లారీ షెడ్లలో చెక్క బాడీలు కట్టిన పెద్ద మేస్త్రీలు, కామెట్ ఇంజిన్లు విప్పి బిగించిన మెకానిక్కులు ఇంకా ఉన్నారు. వారు చెప్పేది రాసిపెట్టుకోవలసిన సమయం ఇదే.